వందనాలు బ్రదర్!

హాస్టల్ మెస్ గురించి ఈ శీర్షికలో రాసినప్పుడు బోలెడు ఉత్తరాలొచ్చాయి. నీళ్ల పప్పు, సాంబారులో ములక్కాడ కోసం వేట, ఆదివారం కోడికూర దగ్గర తోపులాట... ఏ ఊరి హాస్టలైనా కష్టాలు అవే! నవ్వుకుంటూ ఒక్కొక్కటే చదువుతుంటే మధ్యలో ఓ ఉత్తరం తగిలింది. రాసింది ఓ అమ్మ. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు.

'మా అబ్బాయి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. హాస్టల్లో ఉంటాడు. వారానికోసారి స్నేహితులతో కలిసి ప్రార్థన కూటానికి వెళ్తున్నాడట. మేం క్రైస్తవులం కాదు. అడిగితే ఊరికేనమ్మా, అక్కడ బాగుంటుంది అంటున్నాడు. వాళ్ల నాన్నకింకా చెప్పలేదు. నాకు భయంగా ఉంది. అసలు భయపడాలో అక్కర్లేదో కూడా తెలియడంలేదు. మీరు హాస్టల్లో ఉండి చదువుకున్నానంటారుగా, మీరే చెప్పండి' అని రాశారావిడ.

వారం రోజులు ఆ ఉత్తరం నా బల్లమీదే ఉంది. ఆ కూటాలు మంచివని రాస్తే కొందరికి కోపం. చెడ్డవని రాస్తే ఇంకొందరికి. అది సరే, అసలు నిజమేమిటి? నాకు తెలిసిన నిజం ఒక్కటే ఉంది. అది పదకొండు రోజుల జ్వరంలో తెలిసింది.

వేపచెట్టు కింద ఆరుగురు

మాది గుంటూరులో డిగ్రీ. గదికి ముగ్గురం. ముగ్గురిలో ఒకడు ఒంగోలు వైపు పల్లెటూరి నుంచి వచ్చాడు. నాన్న తాపీమేస్త్రి. ఇంటిల్లిపాదిలో కాలేజీ గడప తొక్కింది వీడే. వచ్చినరోజు రేకుపెట్టె తెరిస్తే రెండు జతల బట్టలు, అమ్మ పెట్టిన పచ్చడి సీసా, అట్ట చిరిగిన తెలుగు బైబిలు కనిపించాయి. నేనూ, మూడోవాడూ మొహమొహాలు చూసుకున్నాం. అంతే, ఆ సాయంత్రానికల్లా వాడికి పేరు పెట్టేశాం... బ్రదర్!

శుక్రవారం సాయంత్రం ఆరయ్యేసరికి వాడు తల దువ్వుకుని, బైబిలు చంకనపెట్టుకుని బయల్దేరేవాడు. 'వందనాలు బ్రదర్!' అంటూ మేం గుమ్మందాకా సాగనంపేవాళ్లం. 'మా సప్లీలు కూడా ప్రార్థనలో పెట్టండి బ్రదర్' అని వెనకనుంచి కేకలు. వాడు నవ్వేవాడు. 'ప్రార్థన చేస్తే సప్లీలు పోవురా. చదివితేనే పోతాయి. నేను ఫస్టియర్లోనే కనిపెట్టా' అనేవాడు.

ఓ శుక్రవారం నేనూ వెనకే వెళ్లాను. భక్తి అనుకునేరు... టీ, బిస్కెట్లు ఇస్తారని విని! సైన్సు బ్లాకు వెనక వేపచెట్టు. దానికింద ఆరుగురు. చెట్టుకానించిన సైకిళ్లు. ఒక తీగ తెగిన గిటారు. ముందు ఓ పాట పాడారు. ఒకడు బైబిల్లో ఓ అధ్యాయం చదివాడు. తమకేం అర్థమైందో తలా ఒకరూ చెప్పారు. 'నాకేం అర్థంకాలేదన్నా' అన్నాడొకడు నిజాయతీగా. ఆ తర్వాత 'ప్రార్థన మనవులు'. అంటే ఎవరి కష్టం వాళ్లు చెప్పుకోవడమన్నమాట. 'నాన్న పరంజా మీదనుంచి పడ్డాడు', 'పరీక్ష ఫీజుకు ఇంకో నాలుగొందలు తక్కువైంది', 'ఇంగ్లిష్ క్లాసులో లేపి చదవమంటే కాళ్లు వణుకుతున్నాయి'... అన్నీ కాగితం మీద రాసుకుని కళ్లు మూసుకున్నారు. తర్వాత టీ.

ఆరోజు పాడిన పాట నాకు గుర్తులేదు. చదివిన వాక్యమూ గుర్తులేదు. ఆ మూడో మనవి మాత్రం గుర్తుండిపోయింది. తెలుగు మీడియంలో చదివొచ్చిన నాకూ ఇంగ్లిష్ క్లాసంటే వణుకే. కానీ గదిలో ఎవరి దగ్గరా ఆ మాట పైకి అనలేదు. అంటే నవ్వుతారు కదా! ఇక్కడ ఎవరూ నవ్వలేదు. పైగా ఫైనలియర్ కుర్రాడొకడు రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంటసేపు అతనితో ఇంగ్లిష్ పేపరు చదివిస్తానన్నాడు. చదివించాడు కూడా.

అలాగని అక్కడంతా దేవదూతలేం లేరండోయ్! పరీక్షల ముందు వారం హాజరు రెట్టింపయ్యేది. ఫలితాలొచ్చాక సగమయ్యేది. డిసెంబరులో సెమీ క్రిస్మస్ నాడైతే కేకు కోసం మా హాస్టల్ సగం అక్కడే. క్యారల్స్‌కు బయల్దేరితే అమ్మాయిల హాస్టల్ ముందు మాత్రం పాట కాస్త ఎక్కువసేపు సాగేది!

జ్వరంలో ఉన్నవాడి మాట

రెండో ఏడాది నవంబరులో నాకు టైఫాయిడ్ వచ్చింది. ఇంట్లో అప్పుడే నాన్నకు ఆపరేషన్ అయింది. నా సంగతి చెప్పొద్దన్నాను. తనకూ అంటుకుంటుందేమోనని మూడోవాడు పక్కగదికి మారాడు. వాణ్నని లాభంలేదు, నేనైనా అదే చేసేవాణ్నేమో! మిగిలింది బ్రదరొక్కడే. పగలు వాడికి క్లాసులు. అందుకని వేపచెట్టు బృందం వంతులు వేసుకుంది. పొద్దున ఒకడు జావ తెచ్చేవాడు. మధ్యాహ్నం ఇంకొకడు మందులు. రాత్రి ఒకడు తడిగుడ్డతో కూర్చునేవాడు. వాళ్లలో ముగ్గురి పేర్లు కూడా అప్పటికి నాకు తెలియవు.

ఏడో రోజో, ఎనిమిదో రోజో... రాత్రిపూట ఒకాయన వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఎప్పుడో చదువైపోయి ఉద్యోగం చేసుకుంటూ, అప్పుడప్పుడు వాళ్ల కూటానికి వచ్చి వాక్యం చెప్పే సీనియర్. మంచివాడే. నా నుదుటిమీద చెయ్యివేసి ప్రార్థన చేశాడు. అయ్యాక, 'తమ్ముడూ, తగ్గాక ఆదివారం చర్చికొచ్చి సాక్ష్యం చెప్పాలి. ప్రభువును నమ్ముకుంటానని ఇప్పుడే మాటివ్వు' అన్నాడు. అప్పటికి నూటమూడు జ్వరం. ఆ పూట ఎవరేమడిగినా ఇచ్చేసేవాణ్ని. నోరు తెరవబోయాను కూడా.

గుమ్మంలోంచి బ్రదర్ గొంతు వినిపించింది. చేతిలో జావ గ్లాసుంది.

'అన్నా, జ్వరంలో ఉన్నోడి దగ్గర మాట తీసుకోగూడదు.'

'ఇది రక్షణ సంగతి తమ్ముడూ. వాయిదా వేసే విషయమా?'

'లేచి తిరిగేటప్పుడు అడుగన్నా. వద్దంటే ఊరుకో. వద్దన్నా జావ నేను తెస్తా.'

ఆయన మొహం ఎర్రబడింది. ఇంకేమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత మూడు శుక్రవారాలు బ్రదర్ వేపచెట్టు దగ్గరికి వెళ్లలేదు. పెద్దాయనకు ఎదురు చెప్పాడని అక్కడ ఒకరిద్దరికి కోపమొచ్చిందట. సాయంత్రం ఆరయ్యేసరికి గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేనప్పటికి కోలుకున్నాను. మూడోవాడు కూడా గదికి తిరిగొచ్చాడు. ఓ శుక్రవారం, పాత అలవాటుకొద్దీ, 'వందనాలు బ్రదర్! కూటానికి సెలవా?' అన్నాన్నేను. వాడు ఇటు తిరక్కుండానే, 'ఆ మాట నువ్వు అనబాకురా' అన్నాడు.

ఆ ఊళ్లో వాడికున్నది ఆ ఆరుగురే. నా కోసం వాళ్లతో మాట పోగొట్టుకున్నాడు. నేనేమో వాడిమీదే జోకేశాను. మళ్లీ ఎప్పుడూ ఆ మాట నా నోటివెంట రాలేదు. నాలుగో శుక్రవారం ఆ ఫైనలియర్ కుర్రాడొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. 'గిటారుకు తీగ వేయించాం, రా' అన్నాడు. వీడు లేచి తల దువ్వుకున్నాడు.

కరవులో దొర ఏం చేశాడు?

ఆ రాత్రి అంత తెగింపు ఎక్కణ్నుంచి వచ్చిందిరా అని చాలా రోజుల తర్వాత అడిగాను. 'మా నాయనమ్మ చెప్పేది... కరువులో క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇయ్యలేదంట' అన్నాడు. అంతకుమించి వాడికీ తెలియదు. విలేకరినయ్యాక ఆ సంగతి తవ్వితే, నాయనమ్మ మాట నిజమేనని తేలింది.

జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలులో మకాం పెట్టాడు. పదేళ్లకు, 1876-78లో, దక్షిణాదిని పీల్చిపిప్పిచేసిన కరవు వచ్చింది. సర్వే పని తెలిసినవాడు కావడంతో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. ఆ జనంలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవాడు గంజి కోసం వచ్చాడో, దేవుడి కోసం వచ్చాడో ఎలా తెలుస్తుంది? కరవు సాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, ఆపేశాడు. ఇక పనుల్లేవు, డబ్బుల్లేవు అని తేల్చి చెప్పాకే మొదలుపెట్టాడు. అయినా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది! ఆ అంకె ఒంగోలు వైపు చర్చిల్లో చాలామందికి కంఠతా వచ్చు. ఆపిన ఏడాది సంగతి గుర్తుపెట్టుకున్నది నాయనమ్మలాంటివాళ్లు.

గడ్డివాము నుంచి ఒంగోలు కొండ దాకా

ఒంగోలులో 'ప్రార్థన కొండ' అని ఒకటుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కారు. మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, ముగ్గురు ఇక్కడివాళ్లు. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా, ఉంచుదామా అని అమెరికాలో తర్జనభర్జనలు నడిచిన రోజులవి. ఈ ఊరికి ఎవరినైనా పంపమని కొండమీద మోకరించారు. క్లౌ వచ్చింది ఆ తర్వాతే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, ఈ కథ మొదలైంది ఓ కాలేజీలో! అమెరికాలోని మసాచుసెట్స్‌లో విలియమ్స్ కాలేజీ అని ఉంది. 1806 ఆగస్టులో అక్కడి విద్యార్థులు ఐదుగురు పొలంలో ప్రార్థనకు చేరారు. ఉరుములు, మెరుపులతో వాన ముంచుకొచ్చింది. పక్కనే ఉన్న గడ్డివాము చాటుకు పరుగెత్తారు. వాన వెలిసేదాకా మాట్లాడుకున్నది ఆసియా ఖండం గురించి. వాళ్లలో శామ్యూల్ మిల్స్ అనే కుర్రాడు పెద్ద చదువుకు వెళ్లినచోట ఇంకొందరిని కూడగట్టాడు. వాళ్ల ఒత్తిడితో 1810లో అమెరికాలో విదేశీ మిషన్ సంఘం పుట్టింది. 1812లో అది పంపిన మొదటి జట్టు కలకత్తాకు ఓడ ఎక్కింది. ఆ జట్టులో అడోనిరామ్ జడ్సన్ దారిలోనే మనసు మార్చుకుని బాప్టిస్టు అయ్యాడు, ఆ తర్వాత బర్మా వెళ్లాడు. ఆయనకు అండగా నిలవడానికి అమెరికా బాప్టిస్టులు 1814లో తమ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం పంపిన శామ్యూల్ డే 1836లో తెలుగునేలకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. గడ్డివాము చాటున ఐదుగురు, ఒంగోలు కొండమీద ఐదుగురు. మధ్యలో నలభై ఎనిమిదేళ్లు, రెండు సముద్రాలు!

క్యాంపస్ కూటాల చరిత్ర అంతా ఇలాగే ఉంటుంది. చిన్న గుంపు, పెద్దల ప్రమేయం తక్కువ, తోటివాళ్ల ఎగతాళి ఎక్కువ. 1729లో ఆక్స్‌ఫర్డులో చార్లెస్ వెస్లీ, ఆయన అన్న జాన్ వెస్లీ, కొందరు స్నేహితులు కలిసి బైబిలు చదువుకునేవారు. ఊళ్లో జైలుకెళ్లి ఖైదీల్ని పలకరించేవారు. తోటి విద్యార్థులు వాళ్లకు 'హోలీ క్లబ్' అని పేరుపెట్టారు. అన్నీ ఓ పద్ధతి ప్రకారం చేస్తారని 'మెథడిస్టులు' అని వెక్కిరించారు. అదీ మా 'వందనాలు బ్రదర్' లాంటిదే. ఆ వెక్కిరింతే తర్వాత ఓ పెద్ద క్రైస్తవ శాఖకు పేరైంది.

1877లో కేంబ్రిడ్జిలో విద్యార్థి సంఘం వచ్చింది. 1886లో అమెరికాలో మౌంట్ హెర్మన్ అనేచోట వేసవి శిబిరం జరిగితే వందమంది విద్యార్థులు మిషనరీలుగా వెళ్తామని ముందుకొచ్చారు. వాళ్లలో ఒకడైన జాన్ మాట్ 1895లో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య స్థాపనలో ముందున్నాడు. 1946లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన దేశంలో 1912లో స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్, 1954లో యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడ్డాయి. మన కాలేజీల్లో 'ఇ.యు.' అని పిలుచుకునే కూటాలు ఈ రెండోదానివి. సామాజిక న్యాయం ముందా, బైబిలు పఠనం ముందా అని ఈ రెండు ధోరణుల మధ్య వాదన ఇప్పటికీ ఉంది.

డోర్నకల్‌కు వచ్చిన కుర్రాడు

ఈ వరసలో మనకు బాగా దగ్గరివాడు ఒకడున్నాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి వైపు పల్లెటూరు. 1874లో పుట్టాడు. తండ్రి పల్లె చర్చిలో పాస్టరు. కొడుకు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, ఇరవై ఒకటో ఏట వైఎంసీఏ కార్యదర్శి అయ్యాడు. కాలేజీలు, ఊళ్లు తిరుగుతూ కుర్రాళ్లతో పనిచేశాడు. 1909లో హాయిగా ఉన్న ఆ ఉద్యోగం వదిలేసి డోర్నకల్ చేరాడు. అప్పట్లో అది నిజాం రాజ్యంలో ఓ మారుమూల రైల్వే జంక్షన్. తెలుగు నేర్చుకున్నాడు. ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. గుడి గోపురం, మసీదు మినారు పోలికలు కలగలిసిన డోర్నకల్ కెథడ్రల్ ఆయన కట్టించిందే. 1939లో ప్రతిష్ఠ జరిగింది.

ఆయన బిషప్ కావడానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అధ్యక్షుడు, పైన చెప్పుకున్న జాన్ మాటే. వెయ్యిమందికి పైగా తెల్లవాళ్ల మధ్య ఆసియావాళ్లు గుప్పెడు. అజరయ్య లేచి మొహమాటం లేకుండా మాట్లాడాడు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ఒళ్లు హూనం చేసుకున్నారు, అందుకు రుణపడి ఉంటాం, కానీ మాతో కలిసి భోజనానికి కూర్చోరేం, మాకు స్నేహితులు కావాలి అన్నది ఆ ప్రసంగ సారాంశం. సభలో కొందరికి మింగుడుపడలేదు. తర్వాతి కాలంలో ఆ మహాసభ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ ప్రసంగమే.

ముప్పై అయిదేళ్ల మనిషి వెయ్యిమంది పెద్దల ముందు అన్న మాటా, జావ గ్లాసు పట్టుకుని మా బ్రదర్ అన్న మాటా నాకు ఒకటిగానే వినిపిస్తాయి.

బందరు బడి ఖాళీ అయినప్పుడు

అమ్మగారి భయం కూడా కొత్తదేం కాదు. దానికీ పెద్ద చరిత్రే ఉంది. 1841లో రాబర్ట్ నోబుల్ అనే కేంబ్రిడ్జి పట్టభద్రుడు, హెన్రీ ఫాక్స్ అనే ఆక్స్‌ఫర్డు పట్టభద్రుడు మచిలీపట్నం వచ్చారు. 1843లో నోబుల్ బడి పెట్టాడు. ఇప్పటి నోబుల్ కాలేజీకి మూలం అదే. పెద్దింటి పిల్లలు చేరారు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి దాదాపు ఖాళీ అయింది. ఆ ఇద్దరి ఇళ్లలో తల్లులు ఎంత ఏడ్చి ఉంటారో ఏ పుస్తకమూ రాయలేదు. మళ్లీ పిల్లలు రావడానికి చాలా కాలమే పట్టింది.

అదే బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి దారి వేరు. ఆయన మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో విలియం మిల్లర్ శిష్యుడు. ఎంతమంది మతం మారారన్నది మిల్లర్ లెక్కపెట్టుకునేవాడు కాదు. చదువు మనుషుల ఆలోచనను మారిస్తే చాలనేవాడు. నాయుడుగారు క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజికుడయ్యారు. నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1904 నుంచి కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉండి దళిత పిల్లలకు, ఆడపిల్లలకు ఆ తలుపులు తెరిచారు. కృష్ణశాస్త్రిలాంటి శిష్యుల్ని తయారుచేశారు. క్రైస్తవ క్యాంపస్‌లో చదివినవాళ్లలో కొందరు బాప్తిస్మం తీసుకున్నారు, కొందరు ఇలా ఇంకో దారిలో వెలిగారు. ఈ రెండోవాళ్ల లెక్క ఏ మిషన్ రిపోర్టులోనూ ఉండదు.

భయం ఇటువైపే ఉంటుందనుకోకండి. బ్రదర్‌కూ ఉండేది. స్కాలర్‌షిప్ ఫారాల సీజన్ వస్తే వాడి మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఆ హోదా లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాళ్లు బీసీ-సీ. రిజర్వేషన్ ఒక్క శాతం. 'మా పెదనాన్నవాళ్లు ఎస్సీ, మేం బీసీ-సీ. పేట ఒకటే, బోరింగు ఒకటే, పిలిచే పిలుపూ ఒకటే' అనేవాడు వాడు. వాళ్ల కూటానికి వచ్చేవాళ్లలోనే ఒకడు కాగితం మీద ఒకటి, బైబిలు అట్ట లోపల ఇంకొకటి పేరు రాసుకునేవాడు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే చదువు ఆగిపోతుందేమోనని హడలు. ప్రార్థన మనవుల్లో అతనెప్పుడూ ఆ సంగతి చెప్పలేదు. అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. దేవుణ్ని నమ్ముకోవడానికి ఎవరి ఖర్చు వాళ్లకుందని అప్పుడు తెలిసింది నాకు.

అమ్మగారూ... ఈ మూడూ అడగండి

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి నేను పెద్దవాణ్నేం కాదు. కానీ ఏ కూటమని, ఏ మతమని అడిగేముందు అబ్బాయిని ఈ మూడు ప్రశ్నలూ అడగండి.

మొదటిది: నువ్వు వెళ్లని వారం వాళ్లు నీతో ఎలా ఉంటారు? మామూలుగా క్యాంటీన్‌కు పిలిస్తే స్నేహితులు. మొహం తిప్పుకుంటే మాత్రం ఆలోచించాల్సిందే.

రెండోది: ఎవడైనా కష్టంలో ఉన్నప్పుడు, ఇంటిమీద బెంగతోనో, సప్లీతోనో, జ్వరంతోనో పడుకున్నప్పుడు, ముందు ఏం చేస్తారు? జావ తెస్తారా, మాట తీసుకుంటారా?

మూడోది: ఇంట్లో చెప్పమంటున్నారా, దాచమంటున్నారా? అమ్మకు చెప్పొద్దనే స్నేహం ఏ చెట్టుకింద మొదలైనా మంచిది కాదు. మీవాడు మీకు చెప్పాడంటే సగం భయం తీసేయొచ్చు. మిగతా సగం, వాళ్ల నాన్నకు కూడా చెప్పేలా మీరు ఇంట్లో చోటు చేయగలరా అన్నదాంట్లో ఉంది. పద్దెనిమిదేళ్లు దాటినవాడు ఏ దేవుణ్ని నమ్మాలో, అసలు నమ్మాలో వద్దో తేల్చుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కును భయంలోనో, ఒంటరితనంలోనో కాకుండా నిలబడి వాడుకోవాలి. అందుకు వాడికి అటు స్నేహితులూ కావాలి, ఇటు మీరూ కావాలి.

కూటాలు నడిపే కుర్రాళ్లకూ ఓ మాట. ఇంటికి దూరంగా, ఇంగ్లిష్ రాక, జేబులో డబ్బుల్లేక వచ్చినవాడికి వేపచెట్టు కింద మీరిచ్చే చోటు చిన్నదేం కాదు. వార్డెన్లూ, లెక్చరర్లూ చేయలేని పని అది. కానీ ఆ చోటుకు అద్దె అడక్కండి.

ఈ జవాబు రాసేముందు మొన్న రాత్రి బ్రదర్‌కు ఫోన్ చేశాను. ఇప్పుడు వాడు సర్కారు బళ్లో టీచరు. ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఆ అమ్మగారిని ఓసారి వెళ్లి ఆ పిలకాయల్ని చూసి రమ్మనరా. టీ వాళ్లే ఇస్తారు' అన్నాడు.

'నేను జ్వరం నుంచి లేచి తిరుగుతున్నప్పుడు నువ్వెందుకు అడగలేదురా?' అన్నాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న వేయడం అదే మొదటిసారి.

'ఎందుకడగలా? ప్రతి శుక్రవారం రమ్మన్నాగా! నువ్వు టీ తాగి పోయేవోడివి' అని నవ్వాడు. ఇద్దరం నవ్వాం. పిల్లల సంగతులు, నాన్నల మోకాళ్ల నొప్పులు అయ్యాయి. ఫోన్ పెట్టేసేముందు వాడే అన్నాడు...

'వందనాలు బ్రదర్!'

నేనూ అన్నాను. ఈసారి ఎగతాళికి కాదు.